డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’లో ఏముంది, ఎలా వినాలి

మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. డోనా సమ్మర్ పాడిన 1977 నాటి డిస్కో పాట ‘ఐ ఫీల్ లవ్’ గురించి అందరూ గొప్పగా చెప్తుంటే ఫోన్‌లో మూడు నాలుగుసార్లు విన్నారు. మొదటి నిమిషంలో ఉన్నదే ఐదో నిమిషంలోనూ ఉంది, ఎంతసేపు చూసినా పాట అసలు మొదలైనట్టే అనిపించలేదు. డిస్కో అంటే హుషారు రావాలి కదా, ఇది వింటే హుషారు సంగతి అటుంచి ఏదో దిగులు పట్టుకుంది, నేను సరిగ్గా వింటున్నానా లేదా, ఇంతకీ పాత రికార్డు వెతికి కొనేంత విషయం ఇందులో ఉందా అని అడిగారు. సరిగ్గానే వింటున్నారండి. ఆ దిగులు రికార్డులోనే ఉంది, మీ చెవి దాన్ని పట్టుకుంది. చాలామంది ఏళ్ల తరబడి దీన్ని డ్యాన్స్ పాటగా మాత్రమే విని ఆ సంగతి గమనించరు. నేను సౌండ్ మిక్సింగ్ పనిలో ఉన్నవాణ్ణి, పాత డిస్కో రికార్డులు వెతికి కొనే అలవాటు కూడా ఉంది, కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు ఫోన్ స్పీకర్ మానేయండి. ఇది ఏ పాటకైనా ఇచ్చే మామూలు సలహా అనుకోవద్దు, ఈ పాటకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఈ పాటకు ప్రాణం బాస్, అంటే కింది స్వరాల్లో నడిచే వరస. ఆ బాస్‌ను సింథసైజర్ మీద, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే యంత్రం మీద, వాయించారు, ఒక్కో స్వరానికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. దాన్నే డిలే యంత్రంలోంచి పంపి, ప్రతి స్వరం ప్రతిధ్వనీ సరిగ్గా ఆ ఖాళీలో పడేట్టు చేసి, అసలు బాస్‌ను ఎడమవైపు, ప్రతిధ్వనిని కుడివైపు పెట్టారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కుడి చెవిది తీసేసి ఒక నిమిషం వినండి, బాస్ కాస్త నిదానంగా, ఎవరో తీరిగ్గా నడుస్తున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఎడమది తీసేసి కుడివైపు వినండి, అదే అడుగు ఒక్క క్షణం ఆలస్యంగా పడుతుంది. రెండూ పెట్టుకోండి, ఒక్కసారిగా తల లోపల బాస్ పరుగెత్తడం మొదలవుతుంది. ఆ పరుగు ఎడమలోనూ లేదు, కుడిలోనూ లేదు, రెండూ కలిసినప్పుడు మీ తలలో మాత్రమే పుడుతుంది. ఫోన్ స్పీకర్‌లో ఇదంతా ఒకే ముద్దగా కలిసిపోతుంది, పైగా కింది స్వరాలు వినపడవు. అప్పుడు మిగిలేది టికటిక శబ్దమూ, పైన ఒక గొంతూ. "పాట మొదలవ్వలేదు" అని మీకు అనిపించడంలో సగం కారణం ఇదే.

మిగతా సగం కారణం మనం డిస్కో అనే మాటతో పెరిగిన తీరులో ఉంది. 1980లో బిడ్డు చేసిన ‘ఆప్ జైసా కోయీ’, 1982లో బప్పీ లహరి ‘డిస్కో డాన్సర్’, ఆ ఊపులో మన సినిమాల్లోకి వచ్చిన మెరుపు బట్టలు, కింద వెలిగే గళ్ల స్టేజీ, ఆఖరికి 1986లో ‘సింహాసనం’ లాంటి జానపద సినిమాకు కూడా బప్పీ లహరినే పిలిచి సంగీతం చేయించుకోవడం, ఇదంతా చూసినవాళ్లం మనం. వాటిలో బాగున్నవి చాలా బాగుంటాయి, నాకు ఇష్టం కూడా. కానీ మన దగ్గర డిస్కో అంటే పండగ. అమెరికాలోనూ ఆ రోజుల్లో డిస్కో అంటే పెద్ద వయొలిన్ బృందం, బ్రాస్ అనే ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాలు, గిటార్, మనుషులతో నిండిన స్టూడియో. ఈ రికార్డు అదంతా తీసి పక్కన పెట్టింది. వయొలిన్లు లేవు, బ్రాస్ లేదు, గిటార్ లేదు, బాస్ గిటార్ కూడా లేదు. డోనా సమ్మర్ గొంతూ, డ్రమ్ముల్లో కాలితో కొట్టే ఒక్క కిక్కూ తప్పిస్తే మీరు వినేదంతా ఒకే యంత్రం, మోగ్ మాడ్యులర్ సింథసైజర్. హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కనుండే తాళాల జత) లాగా, స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము) లాగా వినపడే చప్పుళ్లు కూడా అందులోంచి వచ్చే ‘వైట్ నాయిస్’ అనే హోరును చిన్న చిన్న ముక్కలుగా కోసినవే. కిక్ మాత్రం మోగ్‌లో కావలసినంత బలంగా రాలేదు, అందుకని కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ చేత వాయించారు. ఆయన తర్వాత రాక్ గాయకుడు బిల్లీ ఐడల్ ఆల్బమ్‌లు చేసిన ప్రొడ్యూసర్, పెద్ద పేరు. ఆ స్థాయి మనిషిని కూర్చోబెట్టి కేవలం కిక్ వాయించమన్నారు, మిగతా డ్రమ్స్ జోలికి పోవద్దన్నారు. ఏది ఉండకూడదో అంత ఖచ్చితంగా తెలిసిన రికార్డు అది.

ఇది తయారైన చోటు మ్యూనిక్. అరబెల్లా హౌస్ అనే ఎత్తైన భవనం, దాని బేస్‌మెంట్‌లో మ్యూజిక్‌లాండ్ స్టూడియో. రోలింగ్ స్టోన్స్, లెడ్ జెప్లిన్ కూడా అక్కడ రికార్డు చేశారు. స్టూడియో పెట్టింది ఈ పాట చేసిన ప్రొడ్యూసర్ జార్జియో మొరోడర్, ఉత్తర ఇటలీ కొండల్లోని ఓర్టిసే అనే ఊరివాడు. పాటలో భాగస్వామి పీట్ బెలోట్, ఇంగ్లీషువాడు. పాడిన డోనా సమ్మర్ అమెరికాలో బోస్టన్ అమ్మాయి, ‘హెయిర్’ అనే మ్యూజికల్ జర్మన్ ప్రదర్శన కోసం 1968లో మ్యూనిక్ వచ్చి అక్కడే ఉండిపోయింది. అందరూ ఎక్కడెక్కడినుంచో వచ్చి ఒక బేస్‌మెంట్‌లో కలిసినవాళ్లే. ఈ పాటలో ఏ ఊరి వాసనా లేకపోవడానికి అది కూడా ఒక కారణమని నా నమ్మకం, దీన్ని రుజువు చేయలేను గానీ వింటుంటే అలాగే అనిపిస్తుంది.

‘ఐ రిమెంబర్ యెస్టర్‌డే’ అనే ఆల్బమ్‌లో ఆఖరి పాట ఇది. ఆల్బమ్ ఆలోచన ఏమిటంటే ఒక్కో పాట ఒక్కో దశాబ్దపు శైలిలో ఉండాలి, పాతకాలం నుంచి మొదలుపెట్టి వర్తమానం దాకా వచ్చి, చివర్లో భవిష్యత్తు ఎలా వినిపిస్తుందో అలాంటి పాట ఒకటి పెట్టాలి. వీలైతే ఆల్బమ్ మొత్తం ఒకసారి వరసగా వినండి. పాత బాణీల బ్యాండు పాటలు, అరవైల అమ్మాయిల గ్రూపుల లాంటి పాటలు, అన్నీ ముచ్చటగా, ఇంటిమనుషుల మధ్య కూర్చున్నట్టు ఉంటాయి. అవన్నీ అయిపోయాక ఈ సింథ్ లేస్తుంది. నా ఉద్దేశంలో ఆ దిగులు బాగా తెలిసేది అలా విన్నప్పుడే, ఎందుకంటే అప్పటిదాకా మీ చుట్టూ ఉన్న మనుషులందరూ గదిలోంచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. విచిత్రం ఏమిటంటే కంపెనీ దీన్ని మొదట సింగిల్‌లో, అంటే వైపుకో పాటతో విడిగా వచ్చే రికార్డులో, రెండోవైపు పెట్టింది, మొదటివైపు ఒక నెమ్మదైన ప్రేమపాట. జనం రికార్డు తిప్పి వేసుకుని ఇదే అడగడం మొదలుపెట్టాక రెండువైపులూ మారాయి. బ్రిటన్‌లో 1977 వేసవిలో నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్లింది.

"అంతా మెషీనే వాయించింది కదా, అందులో కష్టం ఏముంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు కాబట్టి ఇది కూడా చెప్తాను. ఆ మోగ్ మొరోడర్ వాళ్లది కాదు, ఎబర్‌హార్డ్ షోనర్ అనే జర్మన్ సంగీతకారుడిది. గోడకు పెట్టిన అలమారంత ఉంటుంది, ఒక్కో శబ్దానికి ఒక్కో వైరు గుచ్చాలి, గుచ్చాక కూడా అది శ్రుతిలో నిలవదు. లోపలి భాగాలు వేడెక్కగానే స్వరం జారిపోయేది. అందుకని 20, 30 సెకన్ల ముక్క రికార్డు చేయడం, ఆపి శ్రుతి సరిచేయడం, మళ్లీ ఇంకో ముక్క, ఇలా పాట మొత్తం అల్లారు. ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా అతకాలంటే తాళం వెంట్రుకవాసి కూడా తప్పకూడదు. దానికి దారి చూపింది రాబీ వెడెల్ అనే ఆ మోగ్ టెక్నీషియన్. టేపు మీద ఒక ట్రాక్‌లో సమానమైన దూరంలో టిక్ టిక్ మనే సంకేతం ముందే రికార్డు చేసి, మోగ్ దాన్ని విని నడిచేట్టు కట్టిపెట్టాడు. టేపు ఎక్కడినుంచి తిప్పినా మోగ్ అదే తాళంలోకి వచ్చి పడుతుంది. అలాంటిది చేయొచ్చని అప్పటిదాకా మొరోడర్‌కే తెలియదు. ఈ రోజు మన లాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా అన్ని ట్రాకులూ తాళంలో కలిసి నడవడం మామూలు సంగతి. అప్పట్లో దానికోసం ఒక మనిషి బుర్ర పగలగొట్టుకున్నాడు, వినేవాళ్లలో చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు, అది నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు గొంతు సంగతి. నన్నడిగితే అసలు సరుకంతా ఇక్కడే ఉంది. డోనా సమ్మర్ చిన్నప్పుడు చర్చిలో పాడి పెరిగిన మనిషి, గుండెల్లోంచి పాడగలదు. అనుమానం ఉంటే మరుసటి ఏడాది ఆమె పాడిన ‘మెకార్థర్ పార్క్’ వినండి, స్టూడియో కప్పు లేచిపోయేట్టు పాడుతుంది. అంత బలం ఉన్న గొంతును ఈ పాటలో ఆమె వాడలేదు. పైస్థాయిలో, తలలోంచి, దాదాపు ఊపిరితోనే పాడింది. ఆ గొంతునే పొరలు పొరలుగా ఒకదానిమీద ఒకటి పేర్చారు, దాంతో ఒక మనిషి పాడుతున్నట్టు కాకుండా ఆవిరి కమ్మినట్టు ఉంటుంది. కింద బాస్ పరుగెడుతుంటే పైన గొంతు ఎక్కడా తొందరపడదు. పొడుగాటి స్వరాలు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటుంది. ఒకే తాళంలో రెండు వేగాలు, ఒకటి ఆగనిది, ఇంకొకటి ఎక్కడికీ కదలనిది.

సాహిత్యం కూడా చూడండి. కథ లేదు. ఎవరో వచ్చారని లేదు, వెళ్లిపోయారని లేదు, ఎదురుచూస్తున్నానని కూడా లేదు. ఒక చిన్న మాట తీసుకుని అదే మళ్లీ మళ్లీ చెప్పడం, తర్వాత ఇంకో చిన్న మాట. ఆ మాటలు బెలోట్, సమ్మర్ కలిసి రాసుకున్నవి. బెలోట్ చెప్పిన దాని ప్రకారం ఆయన రాసుకోవడానికి ఆమె ఇంటికి వెళ్తే ఆమె ఫోన్‌లో జ్యోతిష్కురాలితో మాట్లాడుతూ ఉంది. ఇద్దరు మనుషుల మధ్య ఎటు తేల్చుకోవాలో తెలియక జాతకాలు కుదురుతాయా అని అడుగుతోందట. ఆయన గంటల తరబడి కింది అంతస్తులోనే కూర్చున్నాడు, మాటలన్నీ దాదాపు ఆయనే పూర్తిచేశాడు. ఆమె చివరికి పెళ్లి చేసుకున్నది ఆ ఇద్దరిలో ఒకరైన బ్రూస్ సుడానోనే. ఈ సంగతి తెలిశాక ఆ గొంతులోని తేలిపోయే తనం నాకు వేరేగా వినిపించడం మొదలైంది. ప్రేమలో ఉన్నానని పదేపదే చెప్పే పాట, ఎవరితో అన్నది ఒక్కసారి కూడా చెప్పదు. ఎదురుగా మనిషి లేడు. ఆమె ఉంది, అనుభూతి ఉంది, చుట్టూ యంత్రం ఉంది. మీకు పట్టుకున్న దిగులు ఇదేనని నేననుకుంటున్నాను.

మన చెవులకు ఈ పాట దగ్గరయ్యే దారి ఇంకొకటి ఉంది. కచేరీలో తంబుర మోగుతూనే ఉంటుంది, మనం దాన్ని వినం, దాని మీద నడిచే గొంతును వింటాం. ఈ బాస్‌ను మొదట అలాగే తీసుకోండి, దానికోసం ఎదురుచూడకండి, అది ఎక్కడికో వెళ్లాలని కోరుకోకండి. అలా ఒక నిమిషం గడిచేసరికి అది నేపథ్యంలోకి వెళ్లిపోతుంది, గొంతులోని చిన్న కదలికలు కూడా పెద్దగా కనిపించడం మొదలవుతాయి. సరిగ్గా అప్పుడు తంబురలో ఎప్పుడూ జరగనిది జరుగుతుంది, బాస్ మొత్తం అదే నడకతో ఎత్తి పైస్వరం మీదకి జరుగుతుంది. ఆధార షడ్జమే కాళ్ల కింద కదిలినట్టు ఉంటుంది. ఇది కీబోర్డు మీద ఒక్క మీట మార్చితే అయిపోయే పని, సీక్వెన్సర్, అంటే ఇచ్చిన స్వరాల వరసను తనంతట తానే తిరిగి తిరిగి వాయించే భాగం, అదే నమూనాను కొత్త స్వరం నుంచి వాయిస్తుంది, కానీ అంతసేపు ఒకేచోట నిలబెట్టి చేశారు కాబట్టి దాని బరువు పెద్దది. సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య మనకు పది రకాల వాయిద్యాలు వచ్చి వెళ్తాయి, ఇక్కడ మార్పంటే ఇదొక్కటే. దీన్ని పట్టుకున్నారంటే పాట మీకు దొరికినట్టే. మళ్లీ అది మొదటి స్వరానికి తిరిగొచ్చినప్పుడు ఊరట కలుగుతుందో, ఇంకెక్కడికీ పోలేమనే భావం కలుగుతుందో మీరే చూసుకోండి. నాకు రోజును బట్టి మారుతుంది.

మధ్యలో గొంతు పూర్తిగా తప్పుకుని బాస్, తాళం మాత్రమే నడిచే భాగం వస్తుంది, అక్కడ దాటేసి ముందుకు జరపొద్దు. చాలామంది "ఇక్కడేం లేదు" అని జరిపేస్తారు. ఆ ఖాళీ తర్వాత గొంతు మళ్లీ వచ్చేసరికి, అది లేనంతసేపు దానికోసమే చూస్తున్నామని తెలుస్తుంది.

ఏ వెర్షన్ వినాలి అన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే స్ట్రీమింగ్‌లో ఈ పేరుతో బోలెడున్నాయి. నాలుగు నిమిషాల లోపు ఉండే సింగిల్ కోత మీకు వద్దు, ఈ పాటకు సమయమే ముడిసరుకు, దాన్ని కోస్తే మిగిలేది కొంచెమే. ఆల్బమ్‌లోది ఆరు నిమిషాలకు కొన్ని సెకన్లు తక్కువ, మొదలుపెట్టడానికి అది బాగుంటుంది. ఆ తర్వాత 12 అంగుళాల రికార్డు మీద వచ్చిన 8 నిమిషాల 15 సెకన్ల వెర్షన్, నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. 1995లో ఆమె మళ్లీ పాడగా వచ్చిన రీమిక్స్‌లు కూడా ఉన్నాయి, గొంతు బాగుంది, కానీ చుట్టూ కొత్తకాలపు క్లబ్ శబ్దాలు పెట్టారు, అవి విని ఇదే అసలుది అనుకోకండి. ఏ సంవత్సరానిదో చూసుకుని పెట్టుకోండి.

ఇక ప్యాట్రిక్ కౌలీ చేసిన 15 నిమిషాల 45 సెకన్ల మిక్స్ గురించి విడిగా చెప్పాలి. కౌలీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్‌లో లైటింగ్ పని చేసేవాడు, సింథసైజర్ మనిషి. 1978లో ఈ రికార్డును తీసుకుని, దానిలోని భాగాలను టేపు మీద తిప్పి తిప్పి పొడిగించి, మధ్యలో తన సింథ్ వాయించి చేర్చాడు. ఎవరి అనుమతీ లేదు, క్లబ్బుల్లో డీజేల చేతులు మారుతూ తిరిగింది. అధికారికంగా 1982లో బయటికొచ్చింది. అదే ఏడాది నవంబరులో కౌలీ ఎయిడ్స్‌తో పోయాడు, వయసు 32. అప్పటికి ఆ జబ్బు గురించి వైద్యులకే సరిగ్గా తెలియదు. ఈ పాటను మొదట గుండెలకు హత్తుకున్న న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో గే క్లబ్బుల్లో నాట్యం చేసినవాళ్లలో ఎంతమందినో ఆ తర్వాతి పదేళ్లు తీసుకుపోయాయి. పాట రాసినవాళ్లకు అప్పుడు ఇదేమీ తెలియదు, నిజమే. కానీ ఒక రికార్డు బయటికొచ్చాక దాన్ని విన్నవాళ్ల బతుకులు కూడా దానికి అంటుకుంటాయి. కౌలీ మిక్స్‌లో ఆ యంత్రం ఆగకుండా, అలసిపోకుండా పావుగంట నడుస్తుంటే నాకు వాళ్లు గుర్తురాకుండా ఉండరు. మొదటిసారే దీంతో మొదలుపెట్టకండి, అసలు వెర్షన్ ఒంటబట్టాక ఒక రాత్రి తీరిగ్గా కూర్చుని వినండి.

దీని ప్రభావం గురించి పెద్దగా రాయను, అది అన్నిచోట్లా దొరుకుతుంది. బెర్లిన్‌లో రికార్డింగ్ జరుగుతుండగా సంగీతకారుడు బ్రయన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, రాబోయే 15 ఏళ్ల క్లబ్ సంగీతాన్ని ఇది మార్చేస్తుందని తనతో అన్నాడని ఇంగ్లీషు రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ తర్వాత చెప్పాడు. 15 ఏళ్లతో ఆగలేదు. టెక్నో, హౌస్, ట్రాన్స్ అనే క్లబ్ సంగీత శైలులు, ఇప్పుడు పెళ్లి సంగీత్‌లో డీజే వేసేదాకా ఆ ఆగని బాస్ వస్తూనే ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది, ఆ ప్రకటన వచ్చింది 2012 మేలో, డోనా సమ్మర్ చనిపోయిన నెలలోనే. ఒక మాట మాత్రం చెప్తాను, తర్వాత వచ్చిన వాటిలో చాలామంది బాస్‌ను తీసుకున్నారు, గొంతులోని ఒంటరితనాన్ని వదిలేశారు. అందుకే ఎన్ని వచ్చినా ఇది పాతబడలేదు.

ఇది మీకు పట్టుకుంటే తర్వాత అదే ఏడాది చివర్లో వచ్చిన ఆమె ఆల్బమ్ ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ తీసుకోండి. అందులో ‘నౌ ఐ నీడ్ యూ’, దాని వెంటే వచ్చే ‘వర్కింగ్ ద మిడ్‌నైట్ షిఫ్ట్’ ఇదే చీకట్లో ఇంకో నాలుగు అడుగులు లోపలికి వేస్తాయి, వాటిని ఎవరూ పట్టించుకోకపోవడం అన్యాయం. ఫ్రెంచి డ్రమ్మర్ సెరోన్ చేసిన ‘సూపర్‌నేచర్’ కూడా 1977దే, అది దిగులు కంటే భయం వైపు ఉంటుంది. అమెరికన్ గాయకుడు సిల్వెస్టర్ 1978లో పాడిన ‘యూ మేక్ మీ ఫీల్ (మైటీ రియల్)’లో కౌలీ సింథ్ ఉంది, గొంతు మాత్రం ఇక్కడున్నదానికి పూర్తిగా ఎదురు, చర్చిలోంచి నేరుగా వచ్చిన మంట. ఈ రెండింటినీ పక్కపక్కన వింటే డోనా సమ్మర్ దేన్ని పట్టి ఆపుకుందో ఇంకా బాగా అర్థమవుతుంది.

చివరిగా, రికార్డు కొనాలా అని అడిగారు. ప్లేయర్ ఉంటే కొనండి, కానీ ఆల్బమ్ కాకుండా 12 అంగుళాల సింగిల్ కోసం చూడండి. ఆల్బమ్‌లో ఇది రెండోవైపు ఆఖరి పాట, అంటే రికార్డు మధ్యలోని లేబుల్ పక్కన లోపలి గాడుల్లో పడుతుంది. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా లోపలికి వెళ్లేకొద్దీ ఒక్కో చుట్టు పొడవు తగ్గుతుంది, సూది కింద నుంచి గాడి నెమ్మదిగా కదులుతుంది, ముందుగా దెబ్బతినేది సన్నని పైశబ్దాలు. ఈ పాటలో ఆ హై-హ్యాట్ హోరు, ఆమె ఊపిరి, రెండూ సరిగ్గా అక్కడే ఉన్నాయి. 12 అంగుళాల సింగిల్‌లో ఒకవైపంతా ఒకే పాట కాబట్టి గాడులు వెడల్పుగా కోయొచ్చు, బాస్‌కు చోటు దొరుకుతుంది, శబ్దం కూడా గట్టిగా వస్తుంది. పాత ప్రతి కొనేటప్పుడు వెలుతురులో వంచి చూడండి. క్లబ్బుల్లో బాగా అరిగిన ప్రతులు చాలా తిరుగుతున్నాయి, మెరుపు తగ్గి బూడిదరంగు తేలిన గాడులు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. దొరికేదాకా స్ట్రీమింగ్‌లో 8 నిమిషాల వెర్షన్ చాలు, ఇయర్‌ఫోన్స్ రెండూ సరిగ్గా ఎడమ కుడి చూసుకుని పెట్టుకోండి.